బుగ్గన ఒక బిళ్ళ

మొన్నమొన్నటి దాకా మందుల షాపులో రూపాయో రెండు రూపాయలో తిరిగి రావాల్సి ఉంటే, కొట్టతను గల్లాపెట్టె పక్కనున్న గాజు సీసాలో చెయ్యి పెట్టేవాడు. 'చిల్లర లేదండీ, బిళ్ళలు తీసుకోండి' అంటూ రెండు విక్స్ బిళ్ళలు బల్ల మీద పెట్టేవాడు. ఎవరూ కాదనేవారు కాదు. ఒకటి నోట్లో వేసుకుని, రెండోది చొక్కా జేబులో పడేసుకుని బయటికొచ్చేవారు. ఫోన్లతో డబ్బు కట్టడం వచ్చాక ఆ చిల్లర బేరం చాలావరకు పోయింది. సీసా మాత్రం పోలేదు. నూజివీడులో మందుల షాపు ముందు నిలబడినా, ఆగిరిపల్లిలోనో ముసునూరులోనో కిళ్ళీ కొట్టు దగ్గర ఆగినా, అలాంటి సీసా ఒకటి కనపడుతూనే ఉంటుంది. చిల్లర బదులు చేతిలో పెట్టగలిగేంత చులకనైన మందు బహుశా మరొకటి లేదు. ఆ చులకన వల్ల అది చేసే మేలు మన కంటికి ఆనకుండా పోయింది. దాని హద్దూ ఆనకుండా పోయింది. ఈ పూతకాలంలో మామిడి తోటల వైపు వెళ్ళినప్పుడు అదే మళ్ళీ గుర్తుకొచ్చింది.

మామిడి సీమలో గొంతు కష్టాలకూ ఒక కాలక్రమం ఉంది. పుష్య మాఘాల మంచులో పూత, ఆ పూత మీద మందు. చలి సడలి ఎండ ముదిరే సంధిలో ఇంటింటా జలుబు. 2008లో నూజివీడుకు వచ్చిన ట్రిపుల్ ఐటీలో వేలమంది పిల్లలు ఒకే హాస్టళ్ళలో, ఒకే మెస్సుల్లో మసలుతారు. ఒక గదిలో మొదలైన దగ్గు వరస గదులన్నీ తిరిగి రావడానికి వారం చాలు. చైత్ర వైశాఖాల్లో కోతలు, కమీషన్ కొట్ల దగ్గర పాటలు. వేలాన్ని మనం పాట అంటాం. పాడేది గొంతే. తెల్లవారుజాము నుంచి కాయల రాశుల మధ్య నిలబడి ధర పెంచుతూ అరిచిన మనిషికి మధ్యాహ్నానికి మాట పెగలదు. వేరేచోట గొంతునొప్పి వస్తుంది, పోతుంది. ఇక్కడ పంటతో పాటు వస్తుంది.

డాక్టరు చీటీ మీద గొంతునొప్పి అని ఒకటే మాట ఉంటుంది. మన నోట అది ఒకటి కాదు. గరగర వేరు, మంట వేరు, బొంగురు వేరు, గుటక పడకపోవడం వేరు. గరగర జలుబుకు ముందొచ్చే కబురు. బొంగురు అరిచి అరిచి తెచ్చుకున్నది. గుటక పడటం లేదంటే లోపల వాచిందని. మంట చాలాసార్లు బయటినుంచి వచ్చినదే: పొగ, దుమ్ము, కొత్తావకాయ కారం, మందు తుంపర, మామిడి జీడి. ఇంత తేడా ఎరిగిన భాష మనది. అయినా అన్నింటికీ ఆ ఒక్క సీసాలోనే చెయ్యి పెడుతున్నాం.

జీడి సంగతి ఇక్కడి పిల్లలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. చిన్నరసాలను ముందు నీళ్ళలో నానేస్తారు. తర్వాత పండును అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర గిల్లి, మొదట వచ్చే చుక్కను పిండి పారేసి అప్పుడు నోటికి అందించుకుంటారు. చెట్టు తన కాయను కాపాడుకోవడానికి దాచిన సొన ఆ చుక్కలో ఉంటుంది. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబపు చెట్లు. రెండింటి సొనలోనూ చర్మాన్ని పొక్కించే గుణం ఉంది. ఆగలేని పిల్లవాడు ఆ చుక్కతో సహా జుర్రుకుంటే సాయంత్రానికి పెదవి చివర పొక్కు, గొంతులో మంట. దానికి ఇంట్లోవాళ్ళు చేసేదల్లా చల్లటి మజ్జిగ ఇవ్వడం, రెండు రోజులు ఓపిక పట్టమనడం.

మా ఇంట్లో గొంతుకు మందు కరక్కాయ. వంటింటి అలమరలో, పోపుల పెట్టె వెనకాల చిన్న సత్తు డబ్బాలో ఉండేది. పరీక్షల ముందు దగ్గు మొదలైతే అమ్మమ్మ దాన్ని రోట్లో చితక్కొట్టి, గింజ తీసేసి, వేలిగోరంత పెచ్చు మా బుగ్గన పెట్టేది. నమలకు, మింగకు, మాట్లాడకు అని మూడు ఆంక్షలు పెట్టేది. మొదట నాలుక ముడుచుకుపోయేంత వగరు. కాసేపటికి నోట్లో నీళ్ళూరడం మొదలయ్యేది, ఆ నీళ్ళు ఒక్కొక్క గుటకే దిగుతూ గొంతును తడిపేవి. చాలా ఏళ్ళ తర్వాత పెడనలో కలంకారీ పని చూసినప్పుడు అదే కరక్కాయ మళ్ళీ ఎదురైంది. అచ్చు వేయడానికి ముందు అక్కడ బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. ఆ వగరు ఉంటేనే రంగు బట్టను పట్టుకుని వదలదు. మన్యంలో గిరిజనులు ఏరి తెచ్చే ఈ కాయను 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొంటూ వస్తోంది. ఒక కాయ అద్దకానికి, తోళ్ళ పనికి, ఒక పిల్ల గొంతుకు సరిపోయింది.

హరికథ చెప్పేవారు, పద్య నాటకాల నటులు అతిమధురం వేరు ముక్కో, లవంగమో, మిరియమూ కలకండో నోట పెట్టుకునేవారు. అతిమధురం మాత్రం అదే పనిగా రోజుల తరబడి వాడితే రక్తపోటు పెంచుతుంది, ఆ జబ్బున్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. వేరైనా కాయైనా పద్ధతి ఒకటే. బుగ్గన పెట్టుకోవడం, నెమ్మదిగా ఊరనివ్వడం. కంపెనీల బిళ్ళలు రాకముందే ఆ పద్ధతి మనకుంది. ఈ జాతి మందుకు తెలుగులో ఒక పేరు పెట్టమంటే నేను 'బుగ్గబిళ్ళ' అంటాను.

ఈ అవసరం మనకొక్కరికే పుట్టలేదు. ఇంగ్లండు వాయవ్య తీరంలో ఫ్లీట్‌వుడ్ అనే రేవు ఉంది. అక్కడ జేమ్స్ లాఫ్ట్‌హౌస్ అనే ఔషధాల వ్యాపారి 1865లో, చలి సముద్రంలోకి వేటకు పోయే జాలర్ల కోసం మెంథాల్, నీలగిరి తైలం కలిపి ఒక ద్రవం తయారుచేశాడు. పడవ ఊగితే సీసాలు పగిలిపోయేవి. అందుకని అదే మందును బిళ్ళగా చేసి ఇచ్చాడు. ఫిషర్‌మన్స్ ఫ్రెండ్ అనే పేరుతో అది ఇప్పటికీ అమ్ముడవుతోంది. చలిలో తడిసి, అరుచుకుంటూ పని చేసుకునే మనుషుల కోసం, చేతులు పనిలో ఉండగానే బుగ్గన పెట్టుకోవడానికి పనికొచ్చిన వస్తువది. ఈ బిళ్ళకు నేనిచ్చే గౌరవంలో సగం ఆ పుట్టుక వల్లే.

ఇంతకీ అది నోట్లో ఏం చేస్తుంది? మొదటి పని లాలాజలం ఊరించడం. ఎండి, ఎర్రబడిన గొంతు పొర మీద ఆ తడి పరుచుకుంటే గుటక సులువవుతుంది. పటికబెల్లం ముక్కైనా ఈ పని చేస్తుంది. రెండోది చల్లదనం. పుదీనా జాతి మొక్కల నుంచి తీసే మెంథాల్ గొంతును నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల చివర ఒక గ్రాహకం ఉంటుంది, మెంథాల్ తగిలితే అది చలి తగిలినట్టే మెదడుకు కబురు పంపుతుంది. 2002లో ఆ గ్రాహకాన్ని గుర్తించిన పరిశోధకుల్లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఉన్నారు. వేడినీ స్పర్శనూ శరీరం ఎలా పసిగడుతుందో తేల్చినందుకు 2021లో వాళ్ళిద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ మెంథాల్ కూడా మన దేశపు పంటే. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల రైతులు ఎకరాలకెకరాలు పుదీనా వేసి నూనె తీస్తారు. అక్కడి రైతు పంట ఇక్కడి కూలీ గొంతులో చల్లగా తగులుతోంది.

మూడో పని క్రిములను అణచడం, దానికి కొన్ని రకాల బిళ్ళల్లో మందులుంటాయి. బ్రిటన్‌లో బూట్స్ కంపెనీ 1958లో తెచ్చిన స్ట్రెప్సిల్స్ అలాంటిది. అందులోని రెండు మందులు నోట్లోని కొన్ని క్రిముల మీద పని చేస్తాయి, నరాన్ని కొద్దిగా మొద్దుబారుస్తాయి కూడా. రెండు మూడు గంటలకొకటి, పెద్దవాళ్ళు రోజుకు పన్నెండుకు మించకుండా అన్నది దాని లెక్క. పంచదార వేసి చేసే బిళ్ళలో దాదాపు రెండున్నర గ్రాముల చక్కెర ఉంటుంది. పన్నెండు చప్పరిస్తే ముప్పై గ్రాములు. షుగరున్నవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. పంచదార లేని రకాలు దొరుకుతున్నాయి, అడిగి తీసుకోవచ్చు. ఆరేళ్ళలోపు పిల్లల చేతికి ఈ బిళ్ళ అసలు ఇవ్వకూడదు. పొరపోతే ఊపిరి ఆడదు. చిల్లర బదులు వచ్చిన బిళ్ళను వెంటనున్న పసివాడి నోట్లో పెట్టే అలవాటు మాత్రం మనలో ఇంకా ఉంది.

ఇంత చెప్పాక దాని హద్దు కూడా చెప్పాలి. ఏ బిళ్ళా గొంతునొప్పిని నయం చెయ్యదు. చాలావరకు గొంతునొప్పులు వైరస్‌ల వల్ల వస్తాయి, వాటంతటవే పోతాయి. ప్రపంచవ్యాప్తంగా జరిగిన వైద్య పరీక్షలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సమీక్షలో తేలింది ఇది: యాంటీబయాటిక్ తీసుకోనివాళ్ళలోనూ వందకు ఎనభై మందికి పైగా వారం తిరిగేసరికి తేరుకున్నారు. తీసుకున్నవాళ్ళకు బాధ తగ్గిన సమయం సగటున పదహారు గంటలు మాత్రమే. ఆ వారం రోజులూ గుటక గుటకకూ విలవిల్లాడకుండా గడిపించడమే బిళ్ళ పని. అది చిన్న పనేమీ కాదు. రాత్రి రెండింటికి గొంతు పట్టేసి లేచి కూర్చున్నవాడికి ఆ పది నిమిషాల ఉపశమనం ఎంతో తెలుసు.

కానీ మనకు వారం ఆగే ఓపిక పోయింది. రెండో రోజుకే మందుల షాపులో 'గొంతుకి స్ట్రాంగుగా ఏదైనా ఇవ్వండి' అంటున్నాం. అతను మూడు రోజుల అజిత్రోమైసిన్ చేతిలో పెడుతున్నాడు. వైరస్ మీద అది పని చెయ్యదు. గొంతు తన గడువు ప్రకారం తనే మానితే పేరు మాత్రం మాత్రకు వెళుతుంది. మళ్ళీసారి మొదటి రోజే అదే అడుగుతాం. అలా వాడగా వాడగా, నిజంగా అవసరమైన రోజున ఆ మందుకు క్రిములు లొంగకుండా పోతున్నాయి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకాలను ఆపడానికి కేరళ 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో మందుల షాపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. మన దగ్గరా అంత పట్టుదల రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాం.

ఈ తొందర వల్ల నష్టం ఏమిటో మామిడి పండించేవాళ్ళకు వేరే చెప్పాలా? గడ్డి పరిచి కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగేస్తే పండు తన రోజులు తను తీసుకుంటుంది. గడ్డి పండును పండించదు, వెచ్చగా ఉంచి పండనిస్తుంది. ఆ నాలుగు రోజులు ఆగలేకే కార్బైడ్ వచ్చింది. దాని వాడకాన్ని చట్టం ఎప్పుడో నిషేధించింది, దాని బదులు ఇథిలీన్ వాయువును పరిమితికి లోబడి వాడుకోనిచ్చింది. కార్బైడ్‌తో పైన పసుపు రంగు వస్తుంది, లోపల పులుపు అలాగే ఉంటుంది. అందులో ఆర్సెనిక్, భాస్వరం ఆనవాళ్ళుంటాయి, అలాంటి పండు తిన్నవాళ్ళకు గొంతు మండుతుంది. బుగ్గన బిళ్ళ పెట్టుకుని వారం ఆగడం నా లెక్కలో గడ్డిలో మాగేయడం లాంటిది.

ఆగకూడని గొంతులూ ఉన్నాయి. ఇక్కడ నెమ్మదిగా చెప్పే వీలు లేదు. మన భాషలో బిళ్ళ అంటే మందే కాదు, మెడ కిందో చంకలోనో కట్టే వాపు కూడా. మెడ కింద బిళ్ళ కడితే నోట్లో బిళ్ళ చాలదు. అయిదు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లలకు దగ్గూ జలుబూ లేకుండా ఉన్నట్టుండి జ్వరం, గుటక పడనంత నొప్పి, మెడలో నొప్పితో కూడిన బిళ్ళలు, టాన్సిల్స్ మీద తెల్లటి చీము కనపడితే అది స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా పని కావచ్చు. దానికి వైద్యం చేయించకపోతే కొందరు పిల్లల్లో కొన్ని వారాల తర్వాత కీళ్ళవాతపు జ్వరం వస్తుంది, అది గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. మన దేశంలో ఎందరో పేదింటి పిల్లలకు చిన్న వయసులోనే గుండె ఆపరేషన్ అవసరమైంది ఈ దారినే. నొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు డాక్టరు చెప్పిన పెన్సిలిన్ మొదలుపెడితే ఆ ముప్పు తప్పుతుంది. యాంటీబయాటిక్ అక్కడ అమృతం. అక్కడ వాడటానికే దాన్ని మిగతాచోట్ల దాచుకోవాలి. పెద్దవాళ్ళలో మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే, ముఖ్యంగా చుట్టా బీడీ తాగేవాళ్ళు, బిళ్ళలు మార్చి మార్చి చూడకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలి.

నన్ను ఎక్కువగా కలతపెట్టే గొంతు మాత్రం మరొకటి. పూత మీద తేనెమంచు పురుగు, తామర పురుగు, బూడిద తెగులు. వీటి కోసం సంక్రాంతి ముందు నుంచి పిందె నిలిచేదాకా మళ్ళీ మళ్ళీ మందు కొడుతూనే ఉంటారు. పాత రసాల చెట్లు ఎత్తు. కింద నిలబడి గన్ పైకెత్తి కొడితే, కొమ్మలకు తగలని తుంపర తిరిగి కొట్టేవాడి ముఖం మీదే పడుతుంది. అతను ముక్కుకు కట్టుకునేది తువ్వాలు. తువ్వాలు తుంపరను ఆపదు. పీల్చుకుని, తడిసి, గంటల తరబడి ఆ మందును మూతికే అంటించి ఉంచుతుంది. సాయంత్రం గొంతు భగ్గుమంటే దారిలో ఆగి అయిదు రూపాయల బిళ్ళలు కొనుక్కుంటాడు. చల్లగా ఉంటుంది. మంట తగ్గినట్టుంటుంది. మర్నాడు మళ్ళీ అదే తువ్వాలు.

ఆ మంటకు బిళ్ళ మందు కాదు. మందు కొట్టిన రోజున గొంతు మంటతో పాటు నోట్లో ఆగకుండా నీళ్ళూరడం, కళ్ళు మసకబారడం, చెమటలు, వాంతి ఏది కనపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, కొట్టిన మందు డబ్బాను కూడా పట్టుకెళ్ళాలి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఒకటి ఉంటుంది. ఎరుపు అన్నింటికన్నా ప్రమాదం. ఈ మాట డబ్బా కొన్న రైతుకు తెలిసినా, గన్ పట్టుకున్న కూలీకి ఎవరూ చెప్పరు. కాయ నాణ్యత కోసం, పూత నిలవడం కోసం వేలకు వేలు ఖర్చు పెట్టే రైతులను, తోటలు గుత్తకు తీసుకునేవాళ్ళను ఒక్కటే అడుగుతున్నాం. స్ప్రేయరు అద్దె లెక్కలో సరైన వడపోత ఉన్న మాస్కు, కళ్ళద్దాలు, ఒక సబ్బు కూడా రాయండి. గాలికి ఎదురుగా కొట్టించకండి. గట్టున ఒక బిందె మంచినీళ్ళు ఉంచండి.

మొన్న ఒక సాయంత్రం ముసునూరు వైపు నుంచి వస్తూ ఒక చిన్న మందుల షాపు దగ్గర ఆగాను. ఇరవై అయిదేళ్ళు దాటని కుర్రాడు బండి దిగి వచ్చాడు. చొక్కా మీద తెల్లటి మరకలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

'బాబాయ్, రెండు బిళ్ళలియ్యి. గొంతు మంటగా ఉంది' అన్నాడు.

షాపతను సీసా మూత మీద చెయ్యి వేసి, తియ్యకుండా అతని చొక్కా వంక చూశాడు.

'ఇవాళ మందు కొట్టావేంట్రా?'

'ఆ. పొద్దున్నించీ.'

'వాంతి గానీ, కళ్ళు తిరగడం గానీ ఉందా?'

'లేదు బాబాయ్. మంటొక్కటే.'

షాపతను బల్ల కింద నుంచి సబ్బు ముక్క తీసి అతనికిచ్చాడు. 'బిళ్ళ ఎక్కడికీ పోదు. అదిగో, ఆ పంపు దగ్గర చేతులు, ముఖం, మెడ బాగా రుద్ది కడుక్కో. నోరు నాలుగుసార్లు పుక్కిలించి ఉమ్మెయ్. ఆ తువ్వాలు మెడ మీద నుంచి తీసి సంచిలో పెట్టు, ఇంటికెళ్ళగానే చొక్కా కూడా మార్చెయ్. ఇప్పుడైతే కడుక్కునిరా, నీ వాలకం చూసి చెప్తాను.'

కుర్రాడు సబ్బు పట్టుకుని పంపు వైపు నడిచాడు. షాపతను సీసా మూత మీద నుంచి చెయ్యి తీసేసి, అతను తిరిగొచ్చేదాకా అటే చూస్తూ నిలబడ్డాడు.